ప్రతీకాత్మక చిత్రం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా జర్నలిజం డిపార్ట్‌మెంట్‌లో అటెండర్ దగ్గర్నుంచి హెడ్ నరహరి గారి దాకా అందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు రిపోర్టింగ్, ఎడిటింగ్ చెబుతున్నాను. ఆలస్యంగా తెచ్చిన వార్త ఎంత బాగున్నా నా టేబుల్ మీద నుంచి వెనక్కే పోతుంది. అలాంటి నా క్లాసులో రజిని వచ్చి పడింది. మిగతా పిల్లలు వారానికి రెండు వార్తలు రాసిస్తుంటే ఈ అమ్మాయి మూడు వారాలకు ఒకటి ఇచ్చేది. అదీ మొదటి బెంచీలోనే కూర్చుని, నేను ఎంత అరిచినా మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఆమెది దేవరకద్ర పక్కన ఒక ఊరు. వాళ్లమ్మ అమల గారు అక్కడి బడిలో పిల్లలకు వండి పెడతారు. రజిని ఇక్కడ లాలాపేట్‌లో మరో ముగ్గురమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉంటుంది. ఆదివారం చర్చి, మిగతా రోజులు లైబ్రరీ. ఎవరిదైనా ఫొటో తీసిందంటే దాన్ని ప్రింటు వేయించి, మళ్లీ వెళ్లి వాళ్ల చేతికిచ్చి వస్తుంది. అది ఎక్కడ వేయవచ్చో, ఎక్కడ వేయకూడదో అడిగి, వాళ్లన్న మాట నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. ఇది మా సిలబస్‌లో ఎక్కడా లేదు. ఇట్లా అయితే నువ్వు దినపత్రికలో కాదు, ఏడాదికొకసారి వచ్చే పంచాంగంలో ఉద్యోగం చూసుకోవాలి అని ఒకసారి క్లాసులోనే అన్నాను. అందరూ నవ్వారు. రజిని కూడా నవ్వింది గానీ అలవాటు మానలేదు.

మా పిల్లలు నెలకొకసారి ఎనిమిది పేజీల పత్రిక తెస్తారు. పేరు ‘తొలిప్రతి’. నేర్చుకోవడానికి తెచ్చేదే అయినా ఐదు వందల కాపీలు నిజంగానే జనంలోకి పోతాయి. క్యాంపస్‌లోనూ తార్నాక, లాలాపేట్‌లలోనూ ఉన్న హాస్టళ్లకు, కోచింగ్ సెంటర్లకు, టీ కొట్లకు, మందుల షాపులకు పిల్లలే తిరిగి ఇచ్చి వస్తారు. మొత్తం నలభై మూడు చోట్లు. ఎవరు ఎక్కడ ఇచ్చారో రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి.

మార్చి సంచికకు వంశీ మంచి వార్త తెచ్చాడు. రోడ్డు పక్కన కోసిపెట్టి అమ్మే పండ్ల ముక్కల మీద. తొమ్మిది బండ్లు తిరిగి చూశాడు, నీళ్లు ఎక్కడివని అడిగాడు, ఇద్దరు డాక్టర్లతో మాట్లాడాడు, ఎవరి పేరూ రాయలేదు. ‘కొని తెచ్చుకుంటున్న జబ్బు’ అని శీర్షిక కూడా వాడే పెట్టాడు. నాకు ముచ్చటేసింది. తీరా చూస్తే ఫొటో లేదు. ఆ రోజు ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందట. సాయంత్రం నాలుగింటికల్లా పేజీలు ప్రెస్‌కు పంపాలి, మొదటి పేజీ నడిమధ్యన ఖాళీ నోరు తెరుచుకుని ఉంది. పిల్లలు తీసిన ఫొటోలన్నీ దాచే ఫోల్డర్ ఒకటి డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో ఉంటుంది. అందులో పండ్ల బండి ఏదైనా దొరుకుతుందేమో చూడమన్నాను.

దొరికింది. ఒక ముసలావిడ బొప్పాయి కోస్తోంది. పొద్దుటి ఎండ ఆమె కత్తి మీదా ముంజేతి మీదా పడుతోంది. అంత మంచి ఫొటో మా పత్రికలో ఏడాదిగా పడలేదు. అది రజిని తీసిందని వంశీ చెప్పాడు. ఆ మధ్యాహ్నం రజిని వాళ్లమ్మను రైలెక్కించడానికి కాచిగూడ వెళ్లింది. ఫోన్ చేసి అడుగుదామా మేడం అన్నాడు వంశీ. అడగడానికేముంది, కింద ‘ప్రతీకాత్మక చిత్రం’ అని వేస్తే సరిపోతుంది అన్నాను నేను.

పేపర్లు చదివేవాళ్లకు ఈ మాట తెలిసిందే. అసలు ఫొటో లేనప్పుడు అలాంటిదే ఇంకొకటి వేసి, ఈ మనిషి ఆ మనిషి కాదు సుమా అని చీమ తలకాయంత అక్షరాల్లో చెప్పే ఏర్పాటు. మా వృత్తిలో అదొక గొడుగు. దాని కిందకి దూరితే ఇక తడవమని అందరికీ ధీమా. నాకూ అంతే.

సోమవారం పత్రిక పంచారు. గురువారం మధ్యాహ్నం రజిని నా గదికొచ్చి, మొదటి పేజీని టేబుల్ మీద పరిచి నిలబడింది. ఫొటోలో ఉన్నావిడ పేరు లచ్చవ్వ. తార్నాక మెట్రో మెట్లు దిగగానే లోపలికి తిరిగే సందు మొదట్లో బండి పెట్టుకుంటుంది. అదే సందులో ఉన్న అమ్మాయిల హాస్టల్ వార్డెన్ మా పేజీని కత్తిరించి భోజనాల హాల్లో అంటించింది. కోచింగ్ సెంటర్ల పిల్లలు బండి ముందు నిలబడి పేజీలోని మొహాన్నీ ఎదురుగా ఉన్న మొహాన్నీ పోల్చి చూసుకుని వెళ్లిపోతున్నారు. ఎవరో దాన్ని వాట్సాప్‌లో కూడా పెట్టారు. మూడు రోజుల్లో రెండు గంపల బొప్పాయి మెత్తబడిపోతే లచ్చవ్వ పారబోసుకుంది.

నేను ఫొటో కింద ఉన్న అక్షరాలు వేలు పెట్టి చూపించాను.

“లచ్చవ్వకు చదువు రాదు మేడం. చదువొచ్చినోళ్లు గంత చిన్నక్షరాలు చదవలే. బొమ్మ చూసిన్రు, పైన జబ్బు అని చూసిన్రు. అంతే.”

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాళ్లకు వచ్చే కోపం మామూలు కోపం కంటే ఒక పాలు ఎక్కువే ఉంటుంది. వచ్చే సంచికలో ఏడో పేజీలో సవరణ వేస్తామని, పత్రికలన్నీ చేసేది అదేనని గట్టిగా చెప్పాను. వచ్చే సంచిక పరీక్షలయ్యాక, జూన్‌లో. జూన్ దాకా ఆమె ఏం తినాలని రజిని అడిగింది, గొంతు పెంచకుండానే. చూపెట్టకుండా ఆ ఫొటో ఎక్కడా వేయనని లచ్చవ్వకు తను మాటిచ్చిందట. నోట్‌బుక్ తెరిచి ఆ పేజీ కూడా చూపించింది. లచ్చవ్వ లెక్కలో మాట తప్పింది నేనూ కాదు, వంశీ కాదు, రజిని.

ఆమె వెళ్లిపోయాక ఇంకో సంగతి నన్ను గుచ్చడం మొదలుపెట్టింది. మెట్రో మెట్ల పక్క సందులోనే మా ఫ్లాట్. ఆరేళ్లుగా రోజుకు రెండుసార్లు ఆ బండి పక్క నుంచే నడుస్తున్నాను. ఫొటోలో వెలుతురును మెచ్చుకున్నాను గానీ మనిషిని గుర్తుపట్టలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ చూశాను. బండి మీద సగం దాకా నీలం పట్టా కప్పి ఉంది. లచ్చవ్వ బోర్లించిన డబ్బా మీద కూర్చుని అట్టముక్కతో ఈగలు తోలుతోంది. చుట్టూ అంత జనం తిరుగుతున్నా బండి ముందు ఎవరూ లేరు. నేను ఆగలేదు. చెవికి ఫోన్ పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా మాట్లాడుతూ దాటేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ జరిగింది అదే.

శుక్రవారం పొద్దున్నే రజిని మళ్లీ వచ్చింది. ఈసారి చంకలో పంపిణీ రిజిస్టరు ఉంది. ఒకే ఒక్క పేజీ అచ్చు వేద్దామంది. అదే సైజు, అదే ఫొటో, అదే చోట. నలభై మూడు చోట్లకీ తనే తిరిగి ఇచ్చి వస్తానంది. అందులో రాయాల్సింది మాత్రం నన్ను రాయమంది.

“తప్పు మీరు చేసిన్రు మేడం. మీరు రాస్తెనే నమ్ముతరు.”

ఒక విద్యార్థి నాతో అట్లా మాట్లాడడం అదే మొదటిసారి. నోటిదాకా వచ్చిన మాటను ఎట్లా మింగానో నాకే తెలియదు. కూర్చుని రాశాను. సాంకేతిక కారణాల వల్ల ఒక చిత్రం పొరపాటున ప్రచురితమైందని, చింతిస్తున్నామని. రజిని చదివి, కంప్యూటర్ ఏమైనా చెడిపోయిందా మేడం అని అడిగింది. వెటకారమేమో అని మొహంలోకి చూశాను. లేదు, నిజంగానే అడుగుతోంది. కాగితం చింపేశాను. రెండోసారి, ఎవరైనా నొచ్చుకుని ఉంటే అని మొదలుపెట్టాను. ఉంటే ఏంది మేడం, నొచ్చుకున్నది కదా అంది. అదీ చింపేశాను. మూడోసారి ఒక్కో మాటా పళ్లు పీకించుకుంటున్నట్టు బయటికొచ్చింది. ‘లచ్చవ్వను అడగకుండా ఆమె ఫొటో ఈ వార్తకు పెట్టమన్నది నేను. మా విలేకరి చూసిన తొమ్మిది బండ్లలో ఆమె బండి లేదు. ఇంత చిన్న సంగతి కనుక్కోకుండా ఆమె నోటి దగ్గర కూడు తీశాను.’ కింద నా పేరు రాశాను.

దాని తర్వాత, లచ్చవ్వ అమ్మే పండ్లు శుభ్రమైనవే అని ఇంకో వాక్యం చేర్చబోతే రజిని ఆపింది. శుభ్రమైనవని మనం చూశామా అని అడిగింది. లచ్చవ్వ కోసం ఇంత పట్టుబడుతున్న పిల్ల, లచ్చవ్వకు మేలు చేసే ఆ ఒక్క వాక్యాన్ని చూడకుండా రాయనివ్వడం లేదు. పద్దెనిమిదేళ్లుగా నేను బోర్డు మీద రాసి చెరిపేస్తున్న పాఠం నా ఎదురుగా రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉంది.

శనివారం పొద్దున ఆరున్నరకే ఇద్దరం బండి దగ్గరికి వెళ్లాం. రజిని పక్కన కూర్చుని మూడు గంటలు చూసింది. నీళ్లు ఫిల్టర్ వాటర్ క్యానువి. పేజీ సంగతి తెలియని ఒకరిద్దరు వచ్చి కోయించుకుంటే, కత్తిని ప్రతి పండుకూ కడుగుతోంది. అన్నిటికంటే ముఖ్యం, లచ్చవ్వ ఎవరైనా అడిగాకే కోస్తుంది. ముందే కోసిపెట్టడం ఆమెకు అలవాటు లేదు. వంశీ వార్తంతా కోసిపెట్టిన ముక్కల గురించే. అంటే ఆ వార్తకు ఈ బండి ఏ విధంగానూ సంబంధం లేనిది. ఇవన్నీ రజిని నేను రాసిన కాగితంలోనే కింద చేర్చింది. చివర్న ‘ఉప్పుకారం డబ్బాకు మూత లేదు, ఈగలు వాలుతున్నాయి’ అని కూడా రాసింది. ఆ ముక్క తీసెయ్యి అని నేను చెవిలో చెప్పాను. రజిని తల అడ్డంగా ఊపి, ఉండండి అన్నట్టు చెయ్యి చూపించింది.

అప్పుడు నన్ను లచ్చవ్వకు చూపించి, ఫొటో పెట్టమన్న మేడం ఈమెనే అని చెప్పింది. నేను చేతులు జోడించాను. లచ్చవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“ఆరేండ్లసంది గీడికెంచే పోతవు. భుజానికి సంచి, చేతిల ఫోను, ఎప్పుడు చూసినా ఉరుకుడే. నిన్ను నేను గుర్తుపడత బిడ్డా. నన్ను నువ్వు గుర్తుపట్టలేదా?”

లేదని చెప్పాను. అంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు.

ఆమె క్షమించాననలేదు, తిట్టలేదు. రజిని వైపు తిరిగి, ఏం రాసినవో చదువు బిడ్డా అంది. వార్తను అచ్చుకు ముందు సంబంధించిన వాళ్లకు చూపించకూడదని నేను పిల్లలకు ఏటా చెబుతాను. ఆ రోడ్డు పక్కన, బస్సుల హారన్ల మధ్య రజిని, మళ్లీ ఆమె ఫొటోనే వేయడానికి సరేననిపించుకుని, ఆ కాగితం మొత్తం పైకి చదువుతుంటే నేను నోరెత్తలేదు. డబ్బా మూత దగ్గరికొచ్చేసరికి రజిని ఆగింది. ఇది తీసెయ్యమంటే తీసేస్తానని చెప్పింది.

“మూత లేనిది నిజమే గద. ఉండనియ్యి. అన్ని మంచియే రాస్తే పైసలిచ్చి రాయించుకున్న అనుకుంటరు.”

డిపార్ట్‌మెంట్‌లో అచ్చు వేయించడానికి నరహరి గారు అభ్యంతరం చెబుతారేమో అనుకున్నాను. ఆయన కాగితం చదివి, మీరు రాసిందేనా సుష్మ గారూ అని రెండుసార్లు అడిగి సంతకం పెట్టారు. ఆ మధ్యాహ్నం నుంచే రజిని తిరగడం మొదలుపెట్టింది. వంశీ కూడా వెంట వెళ్లాడు. కాగితం ఇచ్చి రావడం కాదు. పాత పేజీ ఎక్కడైనా అంటించి ఉంటే దాని పక్కనే ఇదీ అంటించే దాకా, ఎవరో ఒకరు పూర్తిగా చదివే దాకా కదిలేది కాదట. మందుల షాపాయన బేరాలుండగా చదవనంటే, బేరాలైపోయే దాకా బయట నిలబడిందని వంశీ వచ్చి చెప్పాడు. చెబుతున్నప్పుడు వాడి గొంతులో నవ్వులాట లేదు.

హాస్టల్ దగ్గర మాత్రం పని ఆగిపోయింది. వార్డెన్ లక్ష్మీదేవి గారిది అనంతపురం. నాది కర్నూలు. మా వైపు మనిషే కదా, నేను మాట్లాడితే అయిపోతుందనుకుని ఆదివారం రజిని చర్చి నుంచి వచ్చాక ఇద్దరం వెళ్లాం. ఆవిడ మా కాగితం నిదానంగా చదివారు.

“మీరు రాసింది నమ్మే కదమ్మా గోడకు అంటించినాను. ఇప్పుడు మళ్లా మీరు రాసిందే నమ్మి పీకేయమంటే ఎట్లా?”

 నూట ఇరవై మంది ఆడపిల్లలు, ఏదైనా అయితే తల్లిదండ్రులకు చెప్పుకోవాల్సింది ఆవిడే. పక్కనున్న రజిని, పాతది పీకొద్దు మేడం అంది. రెండూ ఉండనివ్వమంది. పిల్లలకు రెండు సంగతులూ తెలిస్తే చాలని, కొనేదీ మానేదీ వాళ్ల ఇష్టమని చెప్పింది. లక్ష్మీదేవి గారు కాగితం నా చేతికే తిరిగిచ్చి, అయితే భోజనాలప్పుడు మీరే నిలబడి పిల్లలకు చెప్పండి అన్నారు. చెప్పమన్నది నన్ను.

రోజూ అరవై మంది ముందు గంటల కొద్దీ మాట్లాడే మనిషిని. ఆ హాల్లో, సాంబారు గిన్నెల పక్కన, కాగితం మీద నుంచి తల ఎత్తకుండా చదవడం మొదలుపెట్టాను. లచ్చవ్వను అడగకుండా ఆమె ఫొటో పెట్టమన్నది నేను అని చదివాను. కంచాల చప్పుడు తగ్గింది. డబ్బాకు మూత లేదన్న చోట ఎవరో కిసుక్కున నవ్వారు. చదవడం అయిపోయాక వెనక బల్ల నుంచి ఒకమ్మాయి లేచి, ఇప్పుడు మూత పెట్టిందా మేడం అని అడిగింది. నాకు తెలియదు. రజిని వైపు చూశాను.

“గీ పొద్దుగాల పెట్టింది. రేపు ఉంటదో ఉండదో మీరే పోయి చూడుండ్రి” అంది రజిని.

ఆ జవాబుకు హాలంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. నా కళ్లు తడి అయ్యాయి. ఒక మనిషి కోసం అబద్ధం చెప్పడం సులువు, చాలామంది చెబుతారు. ఒక మనిషి కోసం ఇంత జాగ్రత్తగా నిజం చెప్పే వాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. ఆ అమ్మాయి నా విద్యార్థి అని చెప్పుకునే అర్హత నాకుందా అనిపించింది.

సోమవారం కాగితం చదివి నలుగురు వచ్చారట. మంగళవారం పదిమంది. క్లాసుకు ముందు రోజూ రజిని బండి పక్కనే కూర్చుని, వచ్చిన వాళ్లను ఎక్కడ చదివి వచ్చారని అడిగి రిజిస్టరులో ఆ చోటు పక్కన టిక్కు పెట్టుకుంటోంది. ఏ చోటు నుంచి ఎవరూ రాలేదో అక్కడికి సాయంత్రం మళ్లీ వెళ్తోంది. గురువారం పొద్దున నేనూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. హాస్టల్ అమ్మాయిలు ముగ్గురు జామకాయలు కొనుక్కుని, డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి చూసి మరీ వెళ్లారు. లచ్చవ్వ వాళ్లను చూసి ముసిముసిగా నవ్వింది. కానీ గంపలో బొప్పాయిలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పేజీలో కోస్తున్నది బొప్పాయే కదా, దాని జోలికి ఇంకా ఎవరూ రావడం లేదు.

ఎనిమిదిన్నర దాటాక నలభై ఏళ్లాయన ఒకరు భార్యతో కలిసి మెట్లు దిగి వచ్చారు. ఆమె గంప వైపు చెయ్యి చాపబోతే ఆయన ఆపి, ఫోన్ తీసి ఏదో చూపించాడు. వాట్సాప్‌లో మా పేజీ. ఇదే బండి కదా అన్నాడు, లచ్చవ్వకు వినిపించేటట్టే. జామకాయలు సర్దుతున్న లచ్చవ్వ చెయ్యి ఆగిపోయింది. ఇంతసేపూ ఉన్న నవ్వు మొహంలోంచి పోయింది. రజిని రిజిస్టరు మూసి లేవబోయింది.

నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. ఆయన ముందుకు వెళ్లి నా పేరు చెప్పాను, ఎక్కడ ఏం పాఠం చెబుతానో చెప్పాను, ఈ ఫొటో ఇక్కడ పెట్టమని చెప్పింది నేనేనని, ఈమెను అడగలేదని, ఆ వార్త కోసం ఈమె బండిని ఎవరూ చూడనే లేదని చెప్పాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. మరి పండ్లు మంచివేనా అని అడిగాడు.

“నా మాట నమ్మకండి. ఒక పండు కోయమని చెప్పి, ఇక్కడే నిలబడి చూడండి.”

ఆయన భార్య ఆయన వైపు చూసి, కొయ్యి అవ్వా అంది. లచ్చవ్వ గంపలోంచి ఒక బొప్పాయి ఎంచి, నాలుగు వైపులా తిప్పి వాళ్లకు చూపించింది. కత్తి కడిగింది. తొమ్మిదింటికి నా క్లాసు. ఇన్నేళ్లలో ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్లలేదు. ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, రెండో ముక్క కోసం చెయ్యి చాపే దాకా నేనూ రజినీ అక్కడి నుంచి కదల్లేదు.